బీరువాలోంచి బల్ల మీదికి: పాత పాత్రలతో ఆదివారం భోజనం, ఒక కేస్ స్టడీ

నేపథ్యం

హైదరాబాద్‌లో మూడు తరాలు కలిసి ఉండే ఇల్లు. ఎనిమిది మంది కూర్చునే టేకు బల్ల, పొడవు 72 అంగుళాలు, వెడల్పు 42. అందరిలో చిన్నవాడికి మూడేళ్లు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. పాత్రల సంగతి మాత్రం ఉన్నది ఉన్నట్టే రాస్తున్నాను, ఈ కేసులో నేర్చుకోవాల్సిందంతా వాటి దగ్గరే ఉంది కాబట్టి.

సామాను రెండు వైపుల నుంచి వచ్చింది. తాతగారి వైపు నుంచి నగరపు సామాను: అడుగున 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' ముద్ర ఉన్న పూల బోన్ చైనా డిన్నర్ సెట్టులో మిగిలిన పళ్లాలు, సూప్ పళ్లాలు, చిన్న పళ్లాలు, మూత గిన్నెలు, జపాన్ నోరిటాకే టీ సెట్టు, ఈపీఎన్ఎస్ (వెండి పూత) చెంచాల పెట్టె, ఒక బిద్రీ గిన్నె (నల్లటి లోహం మీద వెండి నగిషీ), ఒక బిద్రీ పాన్‌దాన్, బరువైన కట్‌గ్లాస్ డికాంటర్ (పానీయం పోసే గాజు సీసా). నానమ్మగారి పుట్టింటి నుంచి ఊరి సామాను: ఏడు కంచు కంచాలు, ఇత్తడి గిన్నెలు, రాగి చెంబులు, ఆవకాయ జాడీలు.

వచ్చిన సమస్య

పాత పాత్రల వాడకం మీద సలహాకు మమ్మల్ని పిలిచిన కోడలు అడిగింది సూటిగా ఉంది. "బీరువాలో పెట్టి తాళం వేస్తే ఎవరికి లాభమండీ? ఆదివారం మధ్యాహ్నం అందరం వీటిలోనే తినాలి. ఏది వాడొచ్చో చెప్పండి, తక్కువైనవి ఎక్కడ కొనాలో చెప్పండి." నానమ్మగారికి కంచు కంచాలు బల్ల మీదికి రావాలి. తాతగారికి పూల పళ్లాలు రావాలి. అమెరికాలో ఉన్న కూతురికి బిద్రీ గిన్నె కావాలి.

ఇలాంటి కేసులో చాలామంది పాత్రల్ని వయసు ప్రకారమో అందం ప్రకారమో వేరుచేస్తారు. ఇక్కడ అలా చేయలేదు. ముందు ఆదివారం వంట రాయించాం: బగారా అన్నం, మిర్చీ కా సాలన్, పప్పుచారు, ఒక వేపుడు, పెరుగు, ఖుబానీ కా మీఠా. ఈ ఆరింటిలో నాలుగు పులుపున్నవే. సాలన్‌లో చింతపండు, చారులో చింతపండు, పెరుగు, ఖుబానీలో ఆప్రికాట్. పైగా మొదటి రెండూ వేడివేడిగా వడ్డించేవి. పాత పాత్రలో ఉన్న సీసాన్నీ (లెడ్) జింకునూ రాగినీ బయటికి లాగేవి మూడు: పులుపు, వేడి, నిలవ ఉండే సమయం. అందుకే ప్రతి పాత్ర దగ్గరా వేసుకున్న ప్రశ్న ఒక్కటే. ఇందులో ఏం పడుతుంది, ఎంతసేపు ఉంటుంది?

మేం వెళ్లేలోపు ఇంట్లో జరిగినవి

కంచు కంచాలనూ ఇత్తడి గిన్నెలనూ కలిపి ఒకేసారి కళాయికి (తగరం పూతకు) పంపారు. ఇత్తడికి కళాయి కావాలి, కంచుకు అక్కర్లేదు. భోజన కంచానికి వాడే కంచులో రాగి సుమారు 78 పాళ్లు, తగరం 22 పాళ్లు ఉంటాయి. దాన్ని ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీసి, వేడి మీదే నీళ్లలో ముంచుతారు. ఆ ముంచడం వల్లే కంచానికి గట్టిదనం వస్తుంది. మళ్లీ కొలిమి మీద బాగా కాలి మెల్లగా చల్లారితే ఆ గుణం పోయి పెళుసవుతుంది. ఏడింటిలో ఒకటి అంచు దగ్గర చీలి తిరిగొచ్చింది. చీలిన కంచును మామూలు టంకంతో అతికి మళ్లీ అన్నం పెట్టుకోకూడదు, ఆ టంకంలో సీసం ఉండొచ్చు. దాన్ని పూజ గదిలో పూలు పెట్టుకునేందుకు ఇచ్చేశాం.

రెండోది, పూల పళ్లాలను డిష్‌వాషర్‌లో వేశారు. బంగారు గీత కొన్నిచోట్ల గులాబీ మరకలా మిగిలింది, ఎర్ర పువ్వుల మీద మెరుపు పోయింది. ఆ రంగులు గ్లేజు (పింగాణీ మీది గాజులాంటి మెరుపు పొర) పైన వేసినవి. సుమారు 700–800 డిగ్రీల దగ్గర తక్కువ వేడిలో కాల్చి అతికిస్తారు. అంత తక్కువ వేడిలో కరగాలని పాత రోజుల్లో రంగులో సీసం కలిపేవారు. డిష్‌వాషర్ క్షారం ఆ పొరను తింటుంది. మెరుపు పోయిన రంగు అంటే లోపలి సీసానికి కాపలా తగ్గిన రంగు. ఒకసారి ఇలా అయిన పళ్లెం, అంతకుముందు ఎంత బాగున్నా, తిండి పెట్టే వరుసలోంచి తప్పుకోవాల్సిందే.

పరీక్షలు, వాటి వెనక ఆలోచన

రంగు గ్లేజు పైన ఉందా కింద ఉందా అన్నది ఇంట్లోనే తేలుతుంది. కిటికీ వెలుగులో పళ్లాన్ని ఏటవాలుగా పట్టుకోవాలి. కింద ఉన్న రంగు మీద గ్లేజు మెరుపు ఎక్కడా తెగకుండా పారుతుంది. పైన వేసిన పువ్వు దగ్గర మెరుపు తెగుతుంది, గోరుకు చిన్న ఎత్తు తగులుతుంది. ఈ డిన్నర్ సెట్టులో పూలగుత్తి పళ్లెం నడిమధ్యన, సరిగ్గా అన్నం పెట్టేచోట, గ్లేజు పైన ఉంది.

తర్వాత సీసం. దుకాణాల్లో దొరికే సీసం పరీక్ష స్వాబ్ (దూది పుల్ల) రుద్దితే ఎర్ర పువ్వు దగ్గర గులాబీ రంగు తిరిగింది. స్వాబ్ రంగు మారితే పళ్లాన్ని పక్కన పెట్టడానికి అది చాలు. మారకపోతే మాత్రం క్లీన్‌చిట్ కాదు, తక్కువ మోతాదును అది పట్టుకోలేదు. బంగారు దుకాణంలోని ఎక్స్‌రే యంత్రంలో పెట్టిద్దామని ఇంట్లో ఒకరు అన్నారు. అది బంగారానికి సరిచేసిన యంత్రం, పింగాణీ మీద దాని అంకెను నమ్మలేం. పైగా అలాంటి యంత్రం ఏదైనా పాత్రలో ఎంత సీసం ఉందో చెబుతుంది కానీ ఎంత తిండిలోకి దిగుతుందో చెప్పదు. మనకు కావాల్సింది రెండోది. దానికి ల్యాబ్‌లో లీచ్ పరీక్ష చేయించాలి: పాత్రలో 4 శాతం ఎసిటిక్ యాసిడ్ నింపి, గది వేడిలో 24 గంటలు ఉంచి, ఆ ద్రవంలోకి దిగిన సీసాన్ని కొలుస్తారు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిమితులు మిల్లీలీటరుకు మైక్రోగ్రాముల్లో ఇలా ఉన్నాయి: చదును పళ్లానికి 3.0, చిన్న గిన్నెకు 2.0, పెద్ద గిన్నెకు 1.0, కప్పుకు 0.5. కప్పుకు ఇంత కఠినమైన పరిమితి ఎందుకంటే అందులో వేడి పానీయం పోస్తాం, రోజూ తాగుతాం.

పరీక్ష చేస్తే రంగు చెడుతుంది. అందుకని అంచు విరిగిన సూప్ పళ్లాన్నీ, టీ సెట్టులో చెవి ఊడిన కప్పునూ పంపించాం. కప్పు పరిమితి దాటింది. సూప్ పళ్లెం పరిమితిలోనే ఉంది కానీ కిందికి ఎంతో దూరంలో లేదు. పెద్దవాళ్లు మాత్రమే ఉన్న ఇల్లయితే, ఏడాదికి నాలుగు పండగలకు వాడుకోండి అని ఉండేవాణ్ని. మూడేళ్ల పిల్లాడికి సీసం విషయంలో నిపుణులెవరూ ఇంతవరకు ఫరవాలేదని గీత గీయలేదు. కాబట్టి పూల పళ్లాల్లో పులుపు పడకూడదని తీర్మానించాం.

కుదరని ఉపాయాలు

తాతగారి మనసు నొచ్చుకోకుండా పూల పళ్లాల్లోనే తినే దారి వెతికాం. అరటాకును గుండ్రంగా కోసి పళ్లెంలో పరిచి చూశాం. అన్నం, వేపుడు వరకు బాగుంది. చారు పోయగానే ఆకు కిందికి జారింది, చేత్తో కలుపుతుంటే ఆకు లేచింది. పళ్లెం మీద పారదర్శకమైన కోటింగ్ వేయించమని ఎవరో వాళ్లకు చెప్పారు. వద్దన్నాం. ఆ పూత పులుపుకూ వేడికీ కొన్నాళ్లకు పొరలుగా లేస్తుంది, లేచిన పొర అన్నంలో కలుస్తుంది, పైగా పాత పళ్లానికున్న విలువ పోతుంది.

అసలు ఆ పళ్లెం మన భోజనానికి కొలత కూడా కాదు. పదిన్నర అంగుళాల డిన్నర్ పళ్లెంలో అంచు పోగా చదునైన చోటు దాదాపు ఆరున్నర, ఏడు అంగుళాలే. కత్తీ ఫోర్కుతో మాంసం ముక్క కోసుకుని, చిక్కటి సాస్ అద్దుకుని తినేవాళ్ల కోసం చేసింది. మన అన్నంలో చారు పోసి కలిపితే అంచు మీదికి పారుతుంది. అదే సెట్టులో తొమ్మిది అంగుళాల సూప్ పళ్లెం లోతుగా ఉంటుంది, చేత్తో కలుపుకోవడానికి అది సరిగ్గా సరిపోతుంది. పాత డిన్నర్ సెట్లు కొనేవాళ్లకు నేను గట్టిగా చెప్పే మాట ఇది: ముందు సూప్ పళ్లాలు లెక్కపెట్టుకోండి, పెద్ద పళ్లాల సంఖ్య తర్వాత చూద్దాం.

ఈపీఎన్ఎస్ చెంచాలతో ఇంకో చిక్కు వచ్చింది. ఈపీఎన్ఎస్ అంటే రాగి, జింకు, నికెల్ కలిసిన లోహం మీద వెండి పూత. చెంచా గుంట వెనక, బల్లకు ఆనేచోట పూత ముందు అరుగుతుంది, లోపలి పసుపు ఛాయ బయటపడుతుంది. అలాంటి గరిటెను పులిహోరలో వదిలితే నోటికి లోహపు రుచి తగిలింది. పూత నిలిచిన వాటిని పొడి అన్నం వడ్డనకు ఉంచాం. అరిగిన వాటిలో రెండు పెద్ద గరిటెలకు మాత్రం మళ్లీ వెండి పూత వేయించాం. మొత్తం పెట్టెకు వేయిస్తే అయ్యే ఖర్చుతో కొత్త స్టీలు చెంచాల సెట్లు ఎన్నో వస్తాయి, తినేటప్పుడు ఇంట్లో అందరూ చేతినే వాడతారు. కత్తుల పిడులు ఏనుగు దంతమని ఇంట్లో అనుకునేవాళ్లు. భూతద్దంలో చూస్తే సన్నని నల్లటి చుక్కలు, గాడులు కనిపించాయి, అంటే ఎముక. దంతమైతే పిడి చివర కోతలో ఒకదానినొకటి అడ్డంగా కోసుకునే వంపు గీతలు కనిపిస్తాయి. ఆ తేడా తెలుసుకోవాలి, నిజంగా దంతమైతే అమ్మకానికి పెట్టడం వన్యప్రాణి చట్టం కింద నేరం.

నిలిచిన ఏర్పాటు

భోజనానికి ప్రధానం కంచు కంచాలే అయ్యాయి. ఆరు బాగున్నాయి, రెండు కొనాలి. బేగంబజార్‌లో పాత కంచు పేరుతో ఇత్తడి కూడా చేతికొస్తుంది. అయస్కాంతం రెండింటినీ పట్టదు. ఇత్తడి రంగు పూసిన ఇనుమును పట్టించడానికి మాత్రం అది పనికొస్తుంది. సాంద్రతలు మరీ దగ్గరగా ఉండటం వల్ల ఇంటి తూకంతోనూ తేలదు. మిగిలింది శబ్దం. కంచాన్ని మూడు వేళ్ల కొనల మీద నిలిపి అంచును వేలి కణుపుతో కొడితే మంచి కంచు గంటలా చాలాసేపు మోగుతుంది. ఇత్తడి మోత తొందరగా ఆగుతుంది. పగులున్న కంచు మొద్దుగా పలుకుతుంది. ఇంట్లో ఉన్న మంచి కంచాన్ని ఒకటి సంచిలో వేసుకెళ్లి, పక్కపక్కన మోగించి కొనమని చెప్పాం. రెండూ అలాగే దొరికాయి.

కంచులో చారన్నం తిన్న అరగంటలో కంగారు పడాల్సింది లేదు. ఎంగిలి కంచం రాత్రంతా సింకులో ఉంటే మాత్రం మచ్చ పడుతుంది, చిలుము పడుతుంది. సాలన్, చారు, పెరుగు కంచంలో నిలవ ఉండకుండా పక్కన గిన్నెల్లో పెట్టాలనుకున్నాం. ఆ గిన్నెల కోసం బొమ్మలేని తెల్ల పింగాణీ వెతికించాం. గురువారాలు జరిగే జుమేరాత్ బజార్‌లో పాత హోటల్ సామాను కుప్పలుగా వస్తుంది. హోటళ్లకు చేసిన పింగాణీ మందంగా, నీరు పీల్చకుండా బాగా కాలి ఉంటుంది, రోజూ వాడకానికి పనికొచ్చేది అదే.

అక్కడ చూడాల్సిన వరుస ఇలా రాసిచ్చాం. ముందు టార్చి వెనక పెట్టి వెంట్రుకవాసి పగుళ్లు చూడాలి. ఆ తర్వాత అంచు చుట్టూ చిటికెడు దూది లాగాలి. కంటికి కనపడని పెచ్చు దగ్గర దూది చిక్కుకుంటుంది. అడుగు వలయం చూడాలి: నిజంగా వాడిన గిన్నె అడుగు నేలకు ఆనేచోటే అరుగుతుంది, వయసు కోసం టీ డికాక్షన్ పూసిన గిన్నె అంతా ఒకే గోధుమరంగులో ఉంటుంది. అతుకులు అనుమానమైతే 365 నానోమీటర్ల యూవీ టార్చి వేయాలి, పింగాణీ మీద రెసిన్ వేరే రంగులో మెరుస్తుంది. గ్లేజు నిండా సాలెగూడు గీతలున్న మట్టి సామాను ఎంత చవకైనా వదిలేయాలి. ఆ గీతల్లోంచి పసుపు, నూనె లోపలికి దిగి తిరిగి రావు. బ్లీచింగ్‌లో నానబెడితే తెల్లబడినట్టు కనిపిస్తుంది కానీ ఉప్పు లోపలే గడ్డకట్టి కొన్నాళ్లకు గ్లేజును పైకి నెడుతుంది.

తెలుపుల్లో తేడా ఇంటికొచ్చాక బయటపడింది. బోన్ చైనా తెలుపు పాలరంగుకు దగ్గర, గట్టి పింగాణీ తెలుపు కాస్త నీలి ఛాయ. బల్ల పైన 6500 కెల్విన్ తెల్ల ట్యూబులైటు కింద అవి పోట్లాడుకున్నాయి, కంచు కూడా పాలిపోయినట్టు కనిపించింది. 2700 కెల్విన్ పసుపు వెలుగు బల్బు పెట్టాక ఆ తేడా దాదాపు మాయమైంది. పాత సామాను కలపాలంటే దుకాణం వెలుగులో కాకుండా మన బల్ల మీది దీపం కిందే చూసుకోవాలి.

ఇత్తడి గిన్నెలకు కళాయి మళ్లీ పెట్టించాల్సి వచ్చింది. మొదటిసారి పూసింది బూడిదరంగులో మసకగా ఉంది, తెల్ల కాగితం మీద రుద్దితే నల్లటి చార పడింది. తగరంలో సీసం కలిసిందన్న అనుమానానికి అది చాలు. ఈసారి తగరం కడ్డీ మేమే కొనిచ్చాం. మంచి తగరపు కడ్డీని చెవి దగ్గర వంచితే కరకరమని సన్నగా శబ్దం చేస్తుంది. గిన్నె మన కళ్ల ముందే కాల్చి, నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) చల్లి, తగరం తాకించి, దూదితో తుడిచే చోటికి వెళ్లి చేయించుకోమన్నాం. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఆ గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదు. ఇక్కడ అది వడ్డనకే, అందులో బగారా అన్నం, వేపుడు మాత్రమే. చెక్క గరిటె వాడితే పూత ఎక్కువ కాలం నిలుస్తుంది.

పూల పళ్లాలు బల్ల మీదికి వచ్చాయి, వేరే పనితో. సాయంత్రం టీకి మెరుపు చెడని చిన్న పళ్లాల్లో ఉస్మానియా బిస్కెట్లు. పొడి తిండి, పులుపు లేదు, నిమిషాల్లో అయిపోతుంది. పెద్ద పళ్లెం తెల్ల మీఠా గిన్నె కింద, మధ్యలో మెత్తటి ఫెల్టు ముక్క వేసి. పూలు చుట్టూ కనిపిస్తాయి, తిండి తగలదు. తాతగారు ఒప్పుకున్నది ఈ ఏర్పాటుకే. కప్పులు మాత్రం అద్దాల బీరువాకే పరిమితం, పిల్లాడు తీసుకోలేని అరలో.

బిద్రీ గిన్నెలో ఖుబానీ పెట్టాలని ఇంట్లో అందరికీ ఉంది. బిద్రీ మూలలోహం దాదాపు అంతా జింకు, కొంచెం రాగి. నలుపు బీదర్ కోట మట్టితో చేసిన ముద్ద వల్ల పైన వచ్చిన పొర మాత్రమే. ఆప్రికాట్ పులుపు ఒక్క పూటలో ఆ నలుపునూ చెడగొడుతుంది, జింకునూ తిండిలోకి దించుతుంది. దాన్ని బల్ల మధ్యలో, లోపల గాజు గిన్నె పెట్టి యాలకులకూ సోంపుకూ ఇచ్చాం. ఇత్తడి తోమే పొడి దానికి తగలకూడదు, మెత్తటి గుడ్డతో ఒక చుక్క కొబ్బరినూనె చాలు. కూతురికి పంపే విషయంలో చట్టం అడ్డొచ్చింది. నూరేళ్లు దాటిన కళావస్తువును 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం సొంతంగా దేశం దాటించకూడదు. వయసు తేలాలంటే భారత పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవాలి. ఆ కాగితం వచ్చేవరకు గిన్నె ఇక్కడే ఉంటుంది.

కట్‌గ్లాస్ డికాంటర్‌లో నిమ్మ షర్బత్ నిలవ ఉంచొద్దన్నాం. ఆ బరువూ ఆ మెరుపూ సీసం వల్ల వచ్చినవే. పూలకాడలకు వాడుతున్నారు.

బల్ల కొలత

నిలువు పక్కన ముగ్గురు, చివరల ఒక్కొక్కరు. మనిషికి 24 అంగుళాలు వస్తాయి. పన్నెండు అంగుళాల కంచాలు ఎదురెదురుగా పెడితే 42 అంగుళాల్లో మధ్యన 18 మిగులుతాయి. దాంట్లో పట్టేది 14 అంగుళాల తాంబాళం వరకే, అడ్డంగా దాని పక్కన ఇంకో గిన్నెకు చోటు లేదు. అందుకని చారూ పెరుగూ మధ్యలో పెట్టకుండా పక్క బల్ల మీద పెట్టించాం. కంచం కింద గీతలు పడకుండా, జారకుండా ఎనిమిది మందపాటి నూలు చాపలు వేశారు.

కడగడం

ఈ ఏర్పాటు నిలవడం పాత్రల ఎంపిక కన్నా కడిగే చేతి మీదే ఎక్కువ ఆధారపడింది. పనిచేసే ఆమె మొదట ఒప్పుకోలేదు. "చింతపండు పెట్టి పీచుతో తోమకపోతే తళతళలాడవమ్మా, మురికిగా ఉన్నట్టే కనిపిస్తాయి" అంది. ఆమె మాట కంచుకు నిజమే, చింతపండుతో తోమి వెంటనే కడిగి తుడిస్తే నష్టం లేదు. కళాయి పూతకూ బిద్రీకీ మాత్రం అదే మాట చేటు. అందుకని నియమాలు చెప్పడం మానేసి మూడు ప్లాస్టిక్ టబ్బులు పెట్టాం. అడుగున పాత తువ్వాలు వేసిన టబ్బు పింగాణీకి, ఒకటి కంచుకు, ఒకటి కళాయి గిన్నెలకు. స్టీలు పీచు కంచు టబ్బులో కూడా లేదు, కొబ్బరి పీచే. బోరు నీళ్లలో నానబెడితే తెల్లటి పొర కడుతుంది, చివరి కడుగు నల్లా నీళ్లతో, వెంటనే పొడిగుడ్డ. పింగాణీ ఆరు పళ్లాలకు మించి దొంతర పెట్టరు, మధ్యమధ్యన ఫెల్టు వేస్తారు. వెండి పూత చెంచాలకు రబ్బరు బ్యాండ్లు తీసేశారు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది.

తర్వాత చూసినప్పుడు

కంచాలు ఎనిమిదీ బల్ల మీదే ఉన్నాయి. తెల్ల గిన్నెల్లో ఒకటి అంచు పెచ్చు లేచి తప్పుకుంది. హోటల్ సామాను కావడంతో దానికి జత మళ్లీ జుమేరాత్ బజార్‌లోనే దొరికింది. ఇత్తడి గిన్నెల్లో ఒకదానికి అడుగున రూపాయి బిళ్లంత పసుపుపచ్చటి మచ్చ తేలుతోంది. పూత అరిగిందనడానికి అదే గుర్తు. తిరిగి కళాయి అయ్యేవరకు దానిలో బియ్యం కొలుచుకోవచ్చు, కానీ వడ్డన వద్దని చెప్పి వచ్చాం.